నాన్న పోయినందుకేనా? తమ్ముడి స్కిజోఫ్రెనియాతో మా అనుభవం

మా తమ్ముడి జబ్బు స్కిజోఫ్రెనియా అని, అంటే లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు నిజమనిపించే మానసిక జబ్బు అని తేలింది 2025 జనవరిలో. అప్పటికే మా బంధువర్గంలో దానికి నాలుగు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. నాన్న హఠాత్తుగా పోవడం వల్ల అని అమ్మ. రొయ్యల చెరువు అప్పులవాళ్లు ఇంటి మీదికి రావడం వల్ల అని మావయ్య. ఆ అప్పులో బాబాయికి వాటా ఉంది కాబట్టి ఆ మాట ఆయనకు తగలాలనే అనేవాడు. హైదరాబాదు హాస్టలులో గంజాయి అలవాటై ఉంటుందని బాబాయి. పక్క చెరువువాళ్లు చిల్లంగి, అంటే చేతబడి, పెట్టించారని ఊరు. ఎవరు ఏ కారణం చెప్పినా తప్పు ఇంకొకరిదే అయ్యేది. ఈ చిక్కు ఎలా విడిందో, ఎంత ఖర్చయిందో రాస్తే ఇదే దారిలో ఉన్న మరో ఇంటికి పనికి వస్తుందని రాస్తున్నాను. తమ్ముడు చదివి సరేనన్నాడు. ఊరి పేరు వద్దన్నాడు, భీమవరం దగ్గర అని రాస్తే చాలన్నాడు.

నాన్న 2024 ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. అంతకు ముందు పంటలో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువు మొత్తం పోయింది. తమ్ముడికి అప్పుడు ఇరవై నాలుగేళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెద్దకర్మ దాకా ఉండి వెళ్లాడు. ఆ రోజుల్లో వాడు ఏడవలేదు. బాధ్యత మీద పడింది కదా, పిల్లవాడు నిబ్బరంగా ఉన్నాడని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. జూన్‌లో ఉద్యోగం మానేశానని చెప్పి ఇంటికి వచ్చేశాడు.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి నేను పుట్టింటికి వెళ్లేసరికి వాడి గది కిటికీలకు లోపలి నుంచి పేపర్లు అతికించి ఉన్నాయి. ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టాడు. పాత ఆఫీసువాళ్లు వింటున్నారట. ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకుంటున్నారని, ఒకడు తిడుతుంటే ఇంకొకడు తాను చేసే ప్రతి పనినీ క్రికెట్ వ్యాఖ్యానంలా చెబుతున్నాడని అన్నాడు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేశాడు. ఎన్ని రాత్రులుగా నిద్ర పోలేదో అమ్మ కూడా సరిగా చెప్పలేకపోయింది.

మొదట వచ్చింది చిల్లంగి తీసే మనిషి. పదకొండు వేలు, ఒక నల్లకోడి, మెడలో తాయెత్తు. వారం గడిచినా మార్పు లేదు. ఆ తరువాతే పట్టణంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఉదయం తొమ్మిదికి చీటీ రాయించుకుంటే లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లోపల ఉన్నది పది నిమిషాలు కూడా కాదు. "ఈ మధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. అమ్మ ఏడుస్తూ నాన్న సంగతి చెప్పింది. ఆయన తల ఊపి, షాక్ వల్ల వచ్చిందమ్మా, తాత్కాలికమే, మాత్రలు వాడండి, కొన్ని నెలల్లో మామూలు మనిషి అవుతాడు అన్నారు. ఫీజు నాలుగు వందలు. రిస్పెరిడోన్ అనే మాత్రతో పాటు, దాని దుష్ప్రభావాలు తగ్గించే మాత్ర కూడా రాశారు. రెండూ కలిపి నెలకు మూడు నాలుగు వందలకు మించలేదు. నల్లకోడి కంటే చవక.

మాత్రలు పనిచేశాయి. రెండు మూడు రోజులకే నిద్ర వచ్చింది, మూడు వారాలకు చెవిలో మాటలు తగ్గాయి. కిటికీల మీద పేపర్లు వాడే చింపేశాడు. అమ్మ మావుళ్లమ్మకు మొక్కు చెల్లించింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. కారణం నాన్న పోవడమే అనుకున్నప్పుడు, ఆ దుఃఖం తగ్గితే జబ్బు కూడా పోయినట్టే అని ఇంటిల్లిపాది లెక్క. వాడూ అలాగే లెక్క వేసుకున్నాడు. కార్తీక మాసంలో మాత్రలు ఆపేశాడు. నేను బాగానే ఉన్నానుగా అన్నాడు. నిజంగానే బాగున్నాడు, ఎవరికీ కాదనడానికి మాట దొరకలేదు.

డిసెంబరు చివర్లో అప్పులవాళ్లు ప్రామిసరీ నోట్లు పట్టుకుని వచ్చారు. చెరువు అమ్మాలా, లీజుకు ఇవ్వాలా అని పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడుకున్నారు. మావయ్య, బాబాయి అరుచుకున్నారు. తమ్ముడు నట్టింట్లో కూర్చుని అంతా విన్నాడు. తరువాత సంక్రాంతి. భీమవరం వైపు సంక్రాంతి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనవసరం లేదు. ఇంటి నిండా చుట్టాలు, తెల్లవార్లూ కోడిపందేల బరుల దగ్గర లైట్లు, మైకులు. భోగి నాటి రాత్రి తమ్ముడు నన్ను లేపి, మైకులో నా పేరు చెబుతున్నారు విను అన్నాడు. విన్నాను. కోడి పేరు, పందెం మొత్తం చెబుతున్నారు. కనుమ నాటికి వాడు ఇంట్లోంచి పారిపోయి కాలవ గట్టు మీద దొరికాడు.

ఆ రాత్రి నేను 14416కు ఫోను చేశాను. అది టెలిమానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. తెలుగులోనే మాట్లాడారు. నేను ఊహించినట్టు ఓదార్పు మాటలు చెప్పలేదు. ముందు అడిగినవి పదునైన వస్తువులు, పురుగుమందు డబ్బాలు ఎక్కడ ఉన్నాయని. చెరువులున్న ఇంట్లో రసాయనాలకు కొదవ ఉండదు కదా, అవన్నీ తీసి తాళం వేయించారు. వాడితో వాదించవద్దని, ఆ గొంతులు నిజం కాదని నిరూపించే ప్రయత్నం చేయవద్దని, భయంగా ఉందా అని మాత్రం అడగమని చెప్పారు. అలా అడిగితే వాడు మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నాడు.

జనవరి 18, శనివారం కారు మాట్లాడుకుని విశాఖపట్నం బయలుదేరాం. రానూపోనూ కలిపి ఎనిమిదిన్నర వేలు. పండగ రద్దీ వల్ల ఎనిమిది గంటలు పట్టింది. మేము వెళ్లింది ఒక ప్రైవేటు ఆసుపత్రి. చేరేటప్పుడు యాభై వేలు కట్టించుకున్నారు. తమ్ముడికి కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోయింది. మా ఆయన పాలసీలో బావమరిదికి చోటు లేదు. కాబట్టి అంతా చేతి నుంచే.

చేర్పించే పద్ధతి నేను అనుకున్నట్టు లేదు. ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలనుకున్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఒప్పుకునే స్థితిలో లేని మనిషిని 89వ సెక్షన్ కింద చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. గరిష్ఠంగా ముప్పై రోజులే. చేర్చుకున్న సంగతి, ఇలాంటి చేరికలను పరిశీలించే రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. రోగి ఆ బోర్డుకు ఫిర్యాదు కూడా చేసుకోవచ్చు. ఇవన్నీ తమ్ముడికి ఎదురుగా చదివి వినిపించారు. వాడికి ఎంత అర్థమైందో తెలియదు కానీ, తనను బంధించడం లేదని, గడువు ఉందని విన్నాక కొంచెం మెత్తబడ్డాడు. చికిత్స విషయాల్లో వాడి తరఫున నిలిచే ప్రతినిధిగా నేను సంతకం పెట్టాను. మూడు వారాల తరువాత, తెలివిడి వచ్చాక, వాడే తెల్ల కాగితం మీద నన్ను ప్రతినిధిగా రాసిచ్చాడు. చట్టానికి ఆ కాగితం, సంతకం చాలట.

మరుసటి రోజు జరిగినది ముందే తెలిసి ఉంటే బాగుండేది. రాత్రి హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి వాడి మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, దవడ బిగుసుకుంది, కళ్లు పైకి వెళ్లిపోయాయి. అమ్మ "బయటికి వస్తోందమ్మా, వస్తోంది" అని కేకలు పెట్టింది. నర్సు తొందరపడకుండా వచ్చి ప్రోమెథాజిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. అరగంటలో మెడ తిన్నగా అయింది. హాలోపెరిడాల్‌కు కండరాలు ఇలా పట్టేయడం కుర్రవాళ్లలో ఎక్కువేనట. చేర్చిన రోజే ఈ సంగతి అడిగి తెలుసుకుంటే మీ ఇంట్లో అమ్మ అంత భయపడదు.

ఎమ్మారై, థైరాయిడ్, రక్తపరీక్షలు, మూత్రంలో మత్తుపదార్థాల పరీక్ష అన్నీ చేశారు. గంజాయి లేదని వచ్చింది. ఒక్క మూత్ర పరీక్షతో పాత అలవాటు తెలియదు కాబట్టి స్నేహితులను కూడా ఫోనులో విచారించారు. అక్కడా ఏమీ తేలలేదు. బాబాయి కారణం అలా పోయింది.

అసలు మలుపు అయిదారు రోజుల తరువాత వచ్చింది. డాక్టరమ్మ, ఒక సోషల్ వర్కరు కలిసి అమ్మను, నన్ను, మావయ్యను విడివిడిగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరితో గంటకు పైనే. పెద్ద కాగితం మీద అడ్డంగా గీత గీసి, దాని మీద పండగలు గుర్తు పెట్టారు. తారీఖులు ఎవరికీ గుర్తుండవు, పండగలు గుర్తుంటాయి అన్నారావిడ. ప్రశ్నలు జబ్బు గురించి కావు. తనంతట తాను స్నేహితుడికి ఫోను చేయడం చివరిసారి ఎప్పుడు చూశారు? కొత్త చొక్కా ఎప్పుడు కొనుక్కున్నాడు? స్నానం చేయమని చెప్పవలసిన అవసరం ఎప్పటి నుంచి వచ్చింది?

2023 వినాయక చవితికి వాడు పందిట్లో ప్రసాదం పంచాడు, అది అందరికీ గుర్తుంది. ఆ ఏడాది దసరాకు వచ్చి మేడ మీద గదిలోంచి దిగలేదు. దీపావళికి రానే లేదు. 2024 సంక్రాంతికి వచ్చినప్పుడు, టీవీలో వార్తలు చదివే ఆమె తన వైపే చూస్తోందని అమ్మతో అన్నాడు. అమ్మ వేళాకోళం అనుకుని నవ్వింది. ఈ మాట చెబుతూ అమ్మ మధ్యలో ఆగిపోయింది. కాగితం మీద ఆ సంక్రాంతి గుర్తు, నాన్న పోయిన ఫిబ్రవరి గుర్తుకు ఎడమ పక్కన ఉంది. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

తరువాత ఆవిడ మా ఇంట్లో జరిగిన సంఘటనలన్నీ రెండు వరుసలుగా రాశారు. వాడితో నిమిత్తం లేకుండా జరిగినవి ఒక వైపు: నాన్న మరణం, చెరువులో వైరస్, అప్పులవాళ్లు. జబ్బే తెచ్చిపెట్టి ఉండగలిగినవి ఇంకో వైపు: ఉద్యోగం పోవడం, గది మారడం, ప్రాణస్నేహితుడితో తెగిపోవడం. ఉద్యోగం పోయిన దిగులుతో జబ్బు వచ్చిందని మేము అనుకున్నాం. పని సరిగా లేదని కంపెనీ మొదటి హెచ్చరిక పంపింది 2023 డిసెంబరులో. అంటే అప్పటికే మనసు చెదిరింది, ఉద్యోగం తరువాత పోయింది.

1968లో లండన్‌లో బ్రౌన్, బర్లీ అనే ఇద్దరు చేసిన అధ్యయనం గురించి ఆవిడే చెప్పారు. జబ్బు మొదలవడానికో తిరగబెట్టడానికో ముందు మూడు వారాల్లో, రోగి ప్రమేయం లేని పెద్ద సంఘటన ఏదో ఒకటి దాదాపు సగం మందిలో కనిపించిందట. మామూలు జనంలో అది చాలా తక్కువ. చావులు, గొడవలే కాదు, శుభవార్తలు కూడా ఆ లెక్కలో ఉన్నాయట. మిగిలిన సగం మందికి ఏ సంఘటనా లేదన్న సంగతి కూడా ఆవిడ నొక్కి చెప్పారు. ఒక్క ఒత్తిడే స్కిజోఫ్రెనియాను పుట్టించదు, లోపల బలహీనత ఉన్నవాళ్లలో బయటికి తెస్తుంది, తగ్గినదాన్ని తిరగబెట్టిస్తుంది అన్నారు.

అప్పుడు వంశం గురించి అడిగారు. అమ్మ నా వైపు చూసింది. తాతయ్య తమ్ముడు ఒకాయన ఉండేవారు, కాశీకి వెళ్లి సన్యాసుల్లో కలిశారని చిన్నప్పటి నుంచి విన్నాం. వెళ్లేముందు కొన్నేళ్లు ఆయనను పెరటి గదిలో ఉంచారన్న సంగతి ఆ రోజే మొదటిసారి విన్నాను. నా భయం నాది, నాకు అయిదేళ్ల పాప ఉంది. అడిగేశాను. మామూలుగా ఇది వందమందిలో ఒకరికి మించి రాదు. తోబుట్టువుకు ఉంటే వందకు తొమ్మిది పది దాకా, మేనమామకు ఉంటే పిల్లలకు వందకు నాలుగు లోపు అని చెప్పారు. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది సగం మందికి మించదట. ఆ రాత్రి ఆ నాలుగు అనే అంకె నన్ను నిద్ర పోనివ్వలేదు. తొంభై ఆరు అని తిప్పి అనుకోవడానికి చాలా రోజులు పట్టింది.

డాక్టరమ్మ చెప్పిన దానిని అమ్మకు అర్థమయ్యేలా చెప్పింది మావయ్యే. "అక్కా, వాన అందరి చెరువుల మీదా ఒకటే పడుతుంది. గట్టుకు లోపల ఎండ్రకాయ బొక్కలు ఉన్నచోట తెగుతుంది. బొక్కలు వాన చేసినవి కావు." ఇంతకాలం వాననే తిట్టిన మనిషి ఆయన.

రెండో వారం చివరికి చెవిలో మాటలు సన్నగిల్లాయి. ఒక సాయంత్రం కారిడారులో కూర్చున్నప్పుడు తమ్ముడే మొదలుపెట్టాడు. "అవి దసరాకే మొదలయ్యాయి అక్కా. నాన్న పోయాక గదిలో కూర్చుంటే ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దకర్మ రోజు కూడా వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు, వినకుండా ఉండటానికే నా శక్తి అంతా పోయింది. ఏడవడానికి మిగల్లేదు." నిబ్బరం అని మేమందరం మెచ్చుకున్నది అదీ. నాన్నను తలుచుకుని వాడు ఏడ్చింది ఆ ఆసుపత్రిలోనే, ఏడాది తరువాత.

ఫిబ్రవరి రెండో వారంలో ఇంటికి పంపారు. అన్నీ కలిపి లక్షా నలభై వేలు దాటింది. ఇప్పుడు మాత్రలు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో ఉచితంగా తెచ్చుకుంటున్నాం. వాళ్ల దగ్గర లేనివి మాత్రం కొంటున్నాం. ఓపీలో కూర్చోవడానికి పూట పోతుంది, అంతే. నాన్న సంవత్సరీకం వెంటనే వచ్చింది. పురోహితుడితో ముందే మాట్లాడి, క్రతువు కుదించి, చుట్టాలను పిలవకుండా జరిపాం. బాబాయి ముఖం మాడ్చుకున్నాడు.

పంపేముందు సైకాలజిస్టు మాతో రెండుసార్లు కూర్చున్నారు. తిరగబెట్టడానికి బయటి సంఘటనలతోపాటు ఇంట్లో రోజూ వినపడే మాటలూ కారణమవుతాయట. ఎత్తిపొడుపు, ఈసడింపు, అతిగా కాచుకోవడం, ఈ మూడింటినీ చూస్తారు. అటువంటి ఇంట్లో వారానికి ముప్పై అయిదు గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవాళ్లకు ముప్పు ఎక్కువని లండన్ అధ్యయనాల్లో తేలిందట. చండీగఢ్‌లో చూస్తే మన కుటుంబాల్లో ఆ ధోరణి లండన్ కంటే తక్కువగా ఉందని కూడా చెప్పారు. బాబాయి ఉన్న ఇల్లు చూసి ఉంటే ఆ మాట అనేవారు కాదేమో. సోమరితనానికి ఇంగ్లీషు పేరు పెట్టారని ఆయన ఇప్పటికీ అంటాడు. అయితే సైకాలజిస్టు ఎక్కువసేపు మాట్లాడింది అమ్మతోనే. అన్నం కలిపి పెట్టడం, బాత్రూము తలుపు దగ్గర నిలబడటం, రోజంతా వాడి ముఖం చూస్తూ కూర్చోవడం కూడా బరువేనని చెప్పారు. ప్రేమ ఎక్కువైతే తప్పా అని అమ్మ నొచ్చుకుంది. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: పొద్దున మూడు గంటలు వాడు మావయ్య రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాడు, సాయంత్రం అమ్మ గుడికి వెళుతుంది. ఎవరి గంటలు వాళ్లవి.

బరువు గురించి ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెబుతాను. ఒలాంజాపిన్ అనే మాత్ర మొదలుపెట్టాక అర్ధరాత్రి ఆకలి. రెండు నెలల్లో ప్యాంట్లు పట్టలేదు. ఏప్రిల్‌లో షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చూసి మందు మార్చారు. చురుకుదనం ఇంకా పూర్తిగా రాలేదు. మాట తక్కువ, నవ్వు తక్కువ. చెవిలో మాటలకు మందు ఉన్నంతగా దీనికి లేదని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. మాత్రలు కనీసం కొన్నేళ్లు ఆపవద్దని కూడా.

చెరువు అమ్మకం మేలో కుదిరింది. కొనేవాళ్ల తరఫు పెద్దమనిషి ఒక మెలిక పెట్టాడు, కుర్రవాడికి మతి బాగాలేదు కదా, వాడి సంతకం చెల్లుతుందా అని. తమ్ముడు ఎదురుగానే ఉన్నాడు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని అనుకోవడానికి వీల్లేదని, అది న్యాయస్థానం తేల్చవలసిన సంగతని 2017 చట్టంలోనే ఉంది. ఆ పేజీ ముద్రించి తీసుకెళ్లాను. అయినా దస్తావేజు లేఖరి సలహా మీద డాక్టరమ్మ దగ్గర ఒక ధ్రువపత్రం తీసుకున్నాం. దానికి ఇంకో విశాఖ ప్రయాణం.

అమ్మకం కబురు తమ్ముడికి ఒక్కసారిగా చెప్పవద్దన్నారు. అందుకే ధర కుదరక ముందు నుంచే కొంచెం కొంచెంగా చెబుతూ వచ్చాం. బేరాలు మావయ్య దుకాణంలో జరిగాయి, ఇంట్లో కాదు. రిజిస్ట్రేషన్ మే 21న అయింది. ఆ తరువాత మూడు వారాలు వాడి నిద్ర గంటలు నేను ఫోనులో అడిగి పుస్తకంలో రాసుకున్నాను. మొదటి వారంలో ఆరు గంటల నిద్ర నాలుగుకు పడిపోయింది. మైకు చప్పుడు వస్తోందా అని అడిగితే, లేదు, చెరువు కల్లోకి వస్తోంది అన్నాడు. డాక్టరమ్మకు ఫోను చేస్తే రాత్రి మాత్ర మోతాదు పెంచి, పది రోజుల తరువాత చూపించమన్నారు. జూన్ రెండో వారానికి నిద్ర మళ్లీ కుదిరింది. మోతాదు పాత లెక్కకు వచ్చింది. తరువాత వెళ్లవలసింది ఆగస్టు మొదటి వారంలో. ఈసారి తానొక్కడే బస్సులో వెళతానంటున్నాడు, అమ్మ ఒప్పుకోవడం లేదు, ఇంట్లో ప్రస్తుతం గొడవ దాని మీదే.